పెరట్లో కోళ్లు.. గోడవతల ముంగిస!

ఊరి చివర లేఅవుట్లో ఇల్లు కట్టుకున్నారు. వెనక కాస్త ఖాళీ జాగా ఉంది. పిల్లలకు మందులు వాడని గుడ్డు పెట్టాలని సంత నుంచి అరడజను నాటుకోళ్లు తెచ్చి వదిలారు. మంచి ఆలోచనే. కానీ కోళ్లు అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. వాటి వెనకే పిలవని పేరంటానికి వచ్చినట్టు ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం పాములు, పాముల కోసమూ గుడ్ల కోసమూ ముంగిస, కోడిపిల్లల కోసం కాకీ గద్దా ఒక్కొక్కటే దిగుతాయి. మొదటి పిల్లను గద్ద తన్నుకుపోయిన రోజునో, గూటి దగ్గర పాము కుబుసం కనబడిన రోజునో ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఒకరు కోళ్లను అమ్మేయమంటారు. ఇంకొకరు ఎలుకల మందు తెస్తారు. మరొకరు కర్ర పట్టుకుంటారు.

ఈ మూడింటిలో ఏదీ అక్కర్లేదు. చాలా ఇళ్లలో సరిచేసుకోవాల్సినవి రెండే: రాత్రిపూట నేల మీద మిగిలిపోయే గింజలు, సరిగా మూయని గూటి తలుపు. ఈ రెండూ కుదిరితే కోళ్లూ బతుకుతాయి, చుట్టుపక్కల ప్రాణులూ బతుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా మీ ఇంట్లో పిల్లలు పాముకాటు, విషం ప్రమాదాలకు దూరంగా ఉంటారు.

అసలు చుట్టం ఎలుకే

పాము మీ కోడిని వెతుక్కుంటూ రాదు. నాగుపాము గుడ్లూ చిన్న పిల్లలూ తింటుంది, కాదనలేం. కానీ దాన్ని మీ పెరటికి అలవాటు చేసేది ఎక్కువగా ఎలుకే. ఆ ఎలుకను పిలిచేది మీరు చల్లిన నూకలు, తవుడు, జొన్నలు.

పెద్ద కోడి రోజుకు సుమారు వంద గ్రాముల మేత తింటుంది. పెరట్లో తిరిగే కోడి అందులో చాలా భాగం పురుగులు, గడ్డి, రాలిన గింజల రూపంలో తానే సంపాదించుకుంటుంది. మనం మాత్రం ప్రేమకొద్దీ గిన్నె నిండా పోసి వదిలేస్తాం. చీకటి పడ్డాక ఆ మిగులు ఎలుకలకూ పందికొక్కులకూ విందు. మేత ఉన్నచోట అవి గోడ పునాదుల్లో, గూటి కింద బొరియలు తవ్వుకుని పిల్లలు పెడతాయి. ఖాళీ అయిన ఎలుక బొరియలోనే పాము మకాం పెడుతుంది. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ జ్వరం వచ్చే ముప్పు కూడా ఉంది. వానాకాలంలో పెరటి బురదలో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకు ఇది మరీ ప్రమాదం.

కాబట్టి మేత రెండు పూటలే వేయండి. పావుగంటలో తినేసేంత చాలు. సాయంత్రం మేత సూర్యుడు ఉండగానే అయిపోవాలి. ఆ తర్వాత చీపురుతో ఒకసారి ఊడ్చి గిన్నె లోపల పెట్టేయండి. మేత బస్తాలను గోనెసంచుల్లో కాకుండా మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో ఉంచండి. ప్లాస్టిక్ డబ్బాను ఎలుక కొరికేస్తుంది. గూటి పక్కన ఇటుకల కుప్ప, కట్టెల మోపు, కొబ్బరి మట్టలు పేర్చవద్దు. చాలా పెరళ్లలో పాము ఉండేది గూట్లో కాదు, గూటి పక్కనున్న ఈ కుప్పల్లోనే.

మందు పెడితే ఏమవుతుంది?

ఎలుకల మందు పెట్టగానే ఎలుక అక్కడికక్కడే చావదు. బ్రోమాడియోలోన్ లాంటి బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేసి మూడు నాలుగు రోజులకు చంపుతాయి. ఈలోగా మత్తుగా తిరిగే ఆ ఎలుకను గుడ్లగూబో, జెర్రిపోతో, మీ పిల్లో పట్టి తింటుంది. విషం దాని ఒంట్లోకీ చేరుతుంది. చచ్చిన ఎలుకను కోడి కూడా పొడిచి తింటుంది, మాంసం కనబడితే కోడి వదలదు. అలా జీతం అడగకుండా ఎలుకల్ని పట్టిపెట్టే ప్రాణుల్ని మనమే చంపుకుంటాం. మరి కొన్నాళ్లకు పక్క పొలం నుంచి కొత్త ఎలుకలు వస్తాయి. ఈసారి వాటిని పట్టేవాళ్లుండరు.

పేస్టు రూపంలో దొరికే పసుపు భాస్వరం మందు ఇంకా ఘోరం. కాస్త నోట్లోకి వెళ్లినా కాలేయం దెబ్బతింటుంది, దానికి విరుగుడు మందంటూ లేదు. మొదటి ఒకటి రెండు రోజులు పిల్లలు బాగానే ఉన్నట్టు కనిపించి ఆ తర్వాత ఒక్కసారిగా కుప్పకూలవచ్చు. అందుకే తిన్నారన్న అనుమానం వచ్చినా వాంతులు తగ్గాయి కదా అని ఇంట్లో ఉంచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎలుకలు మరీ ఎక్కువగా ఉంటే బోను పెట్టండి. బొరియలు మట్టితో, గాజు పెంకులతో పూడ్చండి. పూడ్చేటప్పుడు చెయ్యి లోపల పెట్టవద్దు.

ఏ పాము ఎవరు?

పెరట్లో ఎక్కువగా కనిపించే పొడవాటి పాము జెర్రిపోతు. ఆరేడు అడుగుల దాకా పెరుగుతుంది, చురుగ్గా పారిపోతుంది, పడగ విప్పదు. దానికి విషం లేదు. ఎలుకల మీద బతుకుతుంది. నాగుపాము అనుకుని మనవాళ్లు ఎక్కువగా చంపేది దీన్నే.

మన దగ్గర ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు. పడగ విప్పే నాగుపాము. నల్లటి నిగనిగలాడే ఒంటిపై సన్నటి తెల్ల పట్టీలుండే కట్లపాము. వీపు మీద గొలుసులా గోధుమరంగు మచ్చలుండి, కుక్కర్ ఆవిరిలా పెద్దగా బుసకొట్టే రక్తపింజర. రాళ్ల నేలల్లో తిరిగే చిన్నపింజర. మన ఆసుపత్రుల్లో ఇచ్చే పాము విషం విరుగుడు ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. దేశంలో 2000 నుంచి 2019 వరకూ పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. ఆ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కనుక పాముతో కలిసి బతకటమంటే దాన్ని ముద్దుచేయటం కాదు. అది మన చేతికీ కాలికీ ఎదురుపడకుండా చూసుకోవటం.

కోళ్లున్న ఇంట్లో చెయ్యి కరిపించుకునే చోటు ఒకటే: గుడ్ల బుట్ట. పొద్దున్నే మసక వెలుతురులో బుట్టలో చెయ్యి పెట్టి తడిమే అలవాటు చాలామందికి ఉంటుంది. దాన్ని ఈ రోజే మానేయండి. గుడ్లు పెట్టే బుట్టలను నేలకు రెండడుగుల ఎత్తున కట్టండి, టార్చి వేసి చూశాకే చెయ్యి పెట్టండి. గుడ్లు తెచ్చే పని పిల్లలకు సరదా. అప్పగించండి, కానీ వెలుతురు బాగా వచ్చాకే, పెద్దవాళ్లు పక్కనుండగానే. రాత్రిళ్లు గూటి దగ్గర కోళ్లు అల్లరి చేస్తే చెప్పులు, టార్చి లేకుండా పరుగెత్తవద్దు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను కరిచినా పెద్దగా నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవటం కనిపిస్తే అది పాముకాటు కావచ్చని అనుమానించాలి. పెరట్లో మంచం వేసుకునేవాళ్లు దోమతెర కట్టుకుని దాని అంచుల్ని పరుపు కిందికి దోపుకోవటం మంచిది.

ఒకవేళ పాము కరిస్తే తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు రాయవద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. కరిచిన చెయ్యి లేదా కాలు విరిగినట్టే భావించి కర్ర ఆసరాతో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో తీసుకెళ్లండి. పామును వెతుకుతూ కూర్చోవద్దు. విరుగుడు ఇవ్వటానికి డాక్టరుకు చచ్చిన పాము అక్కర్లేదు, రోగి లక్షణాలు చూసి ఇస్తారు.

వెల్లుల్లి నీళ్లు చల్లితే, ఈశ్వరి మొక్క నాటితే పాములు రావని పెద్దలు చెబుతారు. మొక్క అందంగా ఉంటుంది, నాటుకోండి. కానీ దాన్ని నమ్ముకుని గూటి తలుపు తెరిచి ఉంచవద్దు. ఫినాయిలు, కార్బాలిక్ ఆమ్లం చల్లటం వల్ల పాము ఆగుతుందో లేదో గానీ కోళ్ల కాళ్లూ పిల్లల చేతులూ కాలుతాయి. గిన్నికోళ్లుంటే పాములు రావంటారు. అవి పామును చూసి ఊరంతా వినబడేలా అరుస్తాయి, అంతవరకు నిజం.

గూడు కట్టటంలోనే అంతా ఉంది

పగలు ముంగిస, ఉడుము. రాత్రి అడవిపిల్లి, మానుపిల్లి. ఎప్పుడైనా సరే వీధికుక్క. వీటిలో ఊళ్లో, పట్నం శివార్లలో ఒకే రాత్రి గూడంతా ఖాళీ చేసేది చాలాసార్లు వీధికుక్కే. నింద మాత్రం ముంగిసకు పోతుంది.

గూటికి ఆరు మూలల చిల్లులుండే పల్చటి కోళ్ల జాలీ వాడితే కోళ్లు బయటికి పోకుండా ఆగుతాయి కానీ కుక్క లోపలికి రాకుండా ఆగదు. పంటితో చింపేస్తుంది. అరంగుళం గళ్లుండే వెల్డెడ్ మెష్ కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ ఒకసారే. గూటి నేలను రెండడుగుల ఎత్తున కట్టెల మీదో, ఇటుక దిమ్మెల మీదో లేపండి. నేల మీదే కట్టాల్సి వస్తే చుట్టూ అడుగు లోతున మెష్ పాతండి, తవ్వి దూరే జంతువులు అక్కడితో ఆగుతాయి. ఒక్కో కోడికి రాత్రి పడుకోవటానికి రెండు చదరపు అడుగులు, కూర్చోవటానికి అడ్డకర్రలు చాలు. తలుపుకు గొళ్లెం ఒక్కటే కాక ఒక చీల కూడా పెట్టండి. కోతులున్న ఊళ్లలో మామూలు గొళ్లెం నిమిషం పని.

దయచేసి నైలాన్ చేపల వల కట్టవద్దు. చవగ్గా వస్తుందని చాలామంది చుడతారు. అందులో పాము చిక్కుకుంటుంది. ప్రాణభయంతో కొట్టుకునే పాము పక్కకు మీ పిల్లాడు వెళ్లటం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. అలా చిక్కితే దూరంగా నిలబడి అటవీశాఖకో, మీ ఊళ్లో పాములు పట్టేవారికో కబురు చేయండి. నాగుపాము, జెర్రిపోతు, ముంగిస, ఉడుము అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవే. చంపటం నేరం.

కోళ్లను రోజూ పిలవక్కర్లేదు. పొద్దు గూకగానే అవే గూట్లోకి వస్తాయి. మీ పని లెక్క చూసి తలుపు వేయటమే. ఒక్క రోజు బద్ధకించి వదిలేసిన తలుపే అడవిపిల్లికి దారి చూపిస్తుంది. దారి తెలిసిన పిల్లి మళ్లీ మళ్లీ వస్తుంది.

పిల్లల్ని కాపాడే బీర పందిరి

తల్లికోడి 21 రోజులు పొదిగి పది పిల్లల్ని లేపితే, నెల తిరిగేసరికి మూడు నాలుగు మిగలటం పల్లెల్లో మామూలే. గద్ద, డేగ, కాకి కలిసి మిగతావి ఏరుకుపోతాయి. మొదటి ఆరు వారాలే గండం. ఆ తర్వాత పిల్ల బరువు పెరుగుతుంది, గద్దకు లొంగదు. మన నాయనమ్మలు గంప కింద పెట్టేది అందుకే. మొదటి రెండు వారాలు తల్లినీ పిల్లల్నీ గంప కిందో, మెష్ పెట్టెలోనో ఉంచి, రోజూ మీరు దగ్గరుండి గంటసేపు వదలండి.

తర్వాత పందిరి కిందికి మార్చండి. బీర, కాకర, దొండ పాదు అల్లుకున్న పందిరి కన్నా మంచి కోళ్ల జాగా లేదు. గద్ద పై నుంచి నిట్టనిలువుగా దూకలేదు. కింద నీడ, తేమ, పురుగులు. ఎండాకాలం 42 డిగ్రీల్లో కోళ్లు నోరు తెరిచి రొప్పుతున్నప్పుడు ఈ పందిరే ప్రాణం పోస్తుంది. పందిరి లేకపోతే మందార, నిమ్మ పొదలన్నా ఉంచండి. పెరడంతా సిమెంటు పోసి, మధ్యలో కోళ్లను వదిలి, గద్దను తిట్టుకుంటే లాభం లేదు.

పిల్లల మేతకు పాత పద్ధతి ఒకటుంది. కుండలో పిడకల ముక్కలు, గడ్డి కాస్త తడిపి నింపి చెదల పుట్ట పక్కన బోర్లిస్తే రెండు మూడు రోజుల్లో చెదలు నిండుతాయి. తెచ్చి పిల్లల ముందు దులిపితే ఆ సందడే వేరు. పెద్దకోళ్లకు మునగాకు, అజొల్లా, వంటింట్లో మిగిలిన ఆకుకూర కాడలు వేయండి. గుడ్డు పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడి ఉంచండి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ కోడి కాలేయాన్ని పాడుచేయటమే కాదు, గుడ్డులోకీ చేరగలదు. ఒక మూల బూడిద కలిపిన పొడి మట్టి పోసి ఉంచితే కోళ్లు అందులో పొర్లి పేలను వదిలించుకుంటాయి.

సహజం అంటే టీకా మానటం కాదు

పసుపు, వేపాకు వాడితే చాలు, టీకా ఎందుకంటారు కొందరు. కొక్కెర రోగం అదంతా వినదు. ఆకుపచ్చ విరేచనాలు, మెడ మెలిపడటం, ఊపిరి అందక నోరు తెరవటం.. వారంలో గూడంతా ఖాళీ. దీనికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. వారం లోపు వయసులో లసోటా టీకా కంట్లో చుక్కగా, ఎనిమిది వారాలకు ఆర్‌2బి సూది వేయించాలి. చిక్కంతా సీసాతోనే. వంద కోళ్లకు సరిపడా టీకా ఒకే సీసాలో వస్తుంది, కలిపాక దాచటానికి పనికిరాదు. ఆరు కోళ్ల కోసం ఎవరు తెప్పిస్తారు? అందుకే మీ వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు పెట్టుకుని పశువైద్యశాలలో అడగండి.

కోళ్ల తలపై, తురాయిపై పొక్కులు వచ్చే మశూచి దోమల వల్ల వ్యాపిస్తుంది. నీళ్ల గిన్నెలను రోజూ వంచేయండి. ఆటలమ్మను చికెన్‌పాక్స్ అంటారు గానీ దానికీ కోళ్లకూ ఏ సంబంధమూ లేదు.

బర్డ్‌ఫ్లూ విషయంలో మాత్రం అడవి పక్షుల్ని దూరంగానే ఉంచాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో హెచ్‌5ఎన్‌1 వచ్చి కోళ్లు పెద్ద ఎత్తున చనిపోయాయి. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్నారి ఈ వైరస్‌తో ప్రాణం కోల్పోయింది. ఇది మనుషులకు అరుదుగానే సోకుతుంది, సోకితే ప్రాణం మీదికి వస్తుంది. నీటి పక్షులు దీన్ని మోస్తాయి కాబట్టి కొంగలు, బాతులు వాలే చెరువు దగ్గరికి కోళ్లను వదలవద్దు. చెరువు నీళ్లు తాగించవద్దు. మేత గిన్నెను కప్పు కిందే పెట్టండి. ఒకేసారి రెండు మూడు కోళ్లు కారణం లేకుండా చనిపోతే చేత్తో ముట్టుకోవద్దు, కాల్వలో పడేయవద్దు, కూర అసలే వండవద్దు. పశువైద్యశాలకో 1962 నంబరుకో చెప్పండి. అప్పటి నుంచి పది రోజుల్లోగా ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు వస్తే కోళ్ల సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

గూడు ఊడ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పనికి దూరంగా ఉండాలి. పెంటను రెండు మూడు నెలలు మగ్గబెట్టాకే ఆకుకూరల మడుల్లో వేయండి. పచ్చిగా వేస్తే సాల్మొనెల్లా నేరుగా తోటకూర మీదికే వస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లలు కోడిపిల్లల్ని ముద్దుపెట్టుకోకుండా చూడండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి.

ఎన్ని కోళ్లు, ఏ గుడ్డు?

మొదటిసారైతే నాలుగైదు పెట్టలు చాలు. పుంజు లేకపోయినా గుడ్లు పెడతాయి, పొదగాలంటేనే పుంజు కావాలి. పట్నంలో పక్కింటివాళ్ల నిద్ర కోసం పుంజును వదులుకోవటమే మేలు. అచ్చమైన నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లే పెడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ పెరట్లోనే 160 దాకా పెడుతుంది, వనరాజ సుమారు వంద. పిల్లల్ని తానే పొదిగి, గద్దను చూసి దాచుకునే తెలివి మాత్రం నాటుకోడిదే.

పెంకు గోధుమరంగులో ఉంటే బలం ఎక్కువన్నది అపోహ. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది. పచ్చసొన ముదురు రంగు కోడి తిన్న ఆకుల వల్ల వస్తుంది. గుడ్డులో మాంసకృత్తులు ఏదైనా సుమారు ఆరు గ్రాములే. మీ గుడ్డుకున్న అసలు లాభం, కోడి ఏం తిన్నదో ఏ మందు వేశారో మీకు తెలియటం. కోడికి యాంటీబయాటిక్ వేస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ గుడ్లు తినవద్దు. రెట్ట అంటిన గుడ్డును పొడిగుడ్డతో తుడిచి, విడిగా పెట్టి, వండే ముందే కడగండి. ముందే కడిగి తడిగా దాస్తే పెంకు సన్నటి రంధ్రాల్లోంచి క్రిములు లోపలికి పోతాయి.

ఇక ఆడపిల్ల పెద్దమనిషైతే పచ్చి నాటుగుడ్డు నువ్వుల నూనెతో కలిపి తాగించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లూ పచ్చివే తాగుతున్నారు. పచ్చిగుడ్డు మాంసకృత్తుల్లో దాదాపు సగమే ఒంటబడుతుంది, ఉడికిస్తే తొంభై శాతం దాకా. సాల్మొనెల్లా భయం దానికి అదనం. గుడ్డూ అదే, నువ్వుల నూనే అదే. పెనం మీద సొన గట్టిపడే దాకా వేయించి పెట్టండి.